అమ్మీ మెడ మీది తిల్: దాగ్ నుంచి నష్తర్ దాకా

మా ఇళ్లలో పుట్టుమచ్చను తిల్ అంటాం. బుగ్గ మీద ఉంటే ఖూబ్‌సూరతీ, అరచేతిలో ఉంటే బర్కత్ అని దాదీ చెప్పేది. మెడ వెనక ఉంటే మాత్రం ఎవరూ పట్టించుకోరు. మా అమ్మీకి అక్కడే ఉంది, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ. నకాబ్ ముడి సరిగ్గా దాని మీదే పడేది. పోయిన రంజాన్‌కి ముందు ఆమె దుపట్టా మీద చిన్న రక్తపు మరక చూశాను. జుట్టు పక్కకి తీసి చూస్తే తిల్ సగం నల్లగా, సగం గోధుమ రంగులో ఉంది. అంచు వంకర పోయింది.

"ఏం కాదు బేటీ, సున్నం సోడా కలిపి పెడితే రాలిపోద్ది. మా అమ్మీ ఎంతమందికి తీసిందో!" అంది. వీధి చివర బ్యూటీపార్లర్‌లో అడిగితే లేజర్‌తో అయిదు నిమిషాల్లో కాల్చేస్తామన్నారు. సున్నమైనా లేజరైనా చేసేది కాల్చడమే. నాకు మా ఫూఫీ గుర్తొచ్చింది.

ఫూఫీ అరికాల్లో ఒక నల్లమచ్చ ఉండేది. ఆనెకాయ అనుకున్నారు. ఒకాయన మందు పూసి కాల్చాడు. మళ్లీ వస్తే మళ్లీ కాల్చాడు. గజ్జల్లో గడ్డలొచ్చాక పెద్ద దవాఖానాకి తీసుకెళ్లారు. మెలనోమా అన్నారు. మచ్చను మొదటిసారి తీసినప్పుడు ముక్కను పరీక్షకి పంపారా అని డాక్టర్ అడిగితే మా వాళ్లెవరూ నోరెత్తలేదు. ఆ ఏడాదే ఫూఫీ ఇంతెఖాల్ అయ్యింది.

అందుకే ఈసారి అమ్మీని చర్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే ముందు, ఈ కాల్చడమూ కోయడమూ ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దామని తారీఖ్ తిరగేశాను.

స్పెయిన్‌లో, ఖుర్తుబా పక్కన మదీనతుజ్జహ్రా అనే షహర్ ఉండేది. అబుల్ ఖాసిం అల్ జహ్రావీ అక్కడివాడు. 1013 ప్రాంతంలో వఫాత్ అయ్యాడు. ఆయన రాసిన కితాబుత్తస్రీఫ్ 30 భాగాలు. ఆఖరి భాగం మొత్తం జర్రాహీ మీదే, దాదాపు 200 పరికరాల బొమ్మలతో. అందులో మొదటి బాబ్ దేని గురించో తెలుసా? ఎర్రగా కాల్చిన ఇనుముతో దాగ్ పెట్టడం గురించి. ఆ జమానాలో జర్రాహ్ చేతిలో ఉన్న పెద్ద హత్యార్ అదే. రక్తం ఆపడానికీ, చెడు కండని పోగొట్టడానికీ అదే. 12వ శతాబ్దంలో తొలైతలాలో ఈ భాగం లాతీనులోకి వెళ్లింది. తర్వాత కొన్ని వందల ఏళ్లు యూరప్ సర్జన్లు దాన్ని చదువుకున్నారు.

నన్ను ఆపేసింది ఆయన నిజాయితీ. సర్తాన్ చిన్నగా ఉన్నప్పుడు, మొత్తం తీయగల చోట ఉంటే, వేళ్లతో సహా తీసేయమంటాడు. పాతబడి పెరిగిపోతే దగ్గరికి వెళ్లొద్దంటాడు. అలాంటిదాన్ని తాను నయం చేయలేకపోయాననీ, చేసినవాణ్ణి చూడలేదనీ ఒప్పుకుంటాడు. ఫూఫీ సంగతి వెయ్యేళ్ల కింద రాసి పెట్టినట్టే అనిపించింది.

కానీ ఏ తిల్ మామూలుది, ఏది ఖతర్నాక్ అని చెప్పే దారి ఆయనకి లేదు. దానికి ఇంకో ఎనిమిది వందల ఏళ్లు పట్టింది. స్టెతస్కోప్ కనిపెట్టిన లాయెనెక్, ఫ్రాన్స్‌లో, 1804లో ఈ నల్ల గడ్డల జబ్బును విడిగా గుర్తించి మాట్లాడాడు. 1820లో విలియం నోరిస్ అనే ఇంగ్లీషు డాక్టర్ ఒక మరీజ్ హాలత్ పూర్తిగా రాశాడు. 1858లో జర్మనీలో విర్చో జబ్బును కణాల్లో వెతకాలని పుస్తకం వేశాడు. అప్పటి నుంచి కోసిన ముక్కను పారేయకుండా సూక్ష్మదర్శిని కింద పెట్టి చదవడం పెరుగుతూ వచ్చింది. నా లెక్కలో అసలు ఇన్‌ఖిలాబ్ ఇదే. ఇనుముతో కాలిస్తే మచ్చ పోతుంది, దాని గవాహీ కూడా పోతుంది. నష్తర్‌తో కోస్తే గవాహీ మిగులుతుంది.

ఇక దర్ద్ సంగతి. 1884లో కార్ల్ కోలర్ కంటి ఆపరేషన్‌కి కొకైన్ చుక్కలు వాడి, ఒక్క భాగాన్నే మొద్దుబారేలా చేయొచ్చని చూపించాడు. దానికి అలవాటు పడే ప్రమాదం ఉంది కాబట్టి వేరే మందులు వెతికారు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ లిడొకైన్ తయారుచేశాడు. ఈరోజు తిల్ తీసేటప్పుడు ఇచ్చే ఇంజెక్షన్ చాలావరకు అదే.

మత్తు కథలో మన హైదరాబాద్‌కీ చోటుంది, అయితే అది ఒళ్లంతా మత్తెక్కించే క్లోరోఫామ్ సంగతి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి 1888లో, 1889లో రెండు కమిషన్లు నడిపించాడు. ఇక్కడి వైద్య పాఠశాల పెద్ద ఎడ్వర్డ్ లారీ. రెండోసారి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తన మనిషిని పంపింది. (ఆ పత్రిక పేరుకి మన ఉర్దూలో మాట నష్తరే!) వందల జంతువుల మీద పరీక్షలు చేసి, క్లోరోఫామ్ ముందు శ్వాసనే ఆపుతుంది, గుండెను కాదు అని తేల్చారు. తర్వాత అది పూర్తిగా సహీ కాదని తేలింది. తప్పైనా మన షహర్ తప్పు, దునియా అంతా చదివిన తప్పు. అదే పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇచ్చే డాక్టరుగా పేరు తెచ్చుకున్న తొలి ఆడవాళ్లలో ఒకరు.

ఇప్పుడు అమ్మీ దగ్గరికి వస్తాను. పర్దా ఫికర్ ఉంటుందని లేడీ డాక్టర్‌ని చూసుకున్నాం. ఆమె వెలుతురున్న చిన్న భూతద్దంతో తిల్‌ని చూసింది. షుగర్ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా, గుండెలో పేస్‌మేకర్ ఉందా, పాత గాయాలు ఉబ్బి గట్టిపడ్డాయా అని అడిగింది. మాత్రలు మీ అంతట మీరు మానేయకండి, అడిగి మానండి. లేజర్ సంగతి ఎత్తితే ఒక్క మాటే అంది: "నాకు ముక్క కావాలి."

పెన్నుతో తిల్ చుట్టూ బాదం గింజ ఆకారం గీసింది. ఇది చాలామందిని కంగారు పెడుతుంది. చర్మం ముడత పడకుండా కలవాలంటే కోత పొడవు వెడల్పుకి దాదాపు మూడింతలు ఉండాలి. అంటే మిగిలే గీత తిల్ కంటే పొడవుంటుంది. పైకి ఉబ్బిన మామూలు తిల్ అయితే బ్లేడుతో చెక్కేస్తారు, కుట్లుండవు, కానీ రంగు మళ్లీ రావచ్చు.

ఇంజెక్షన్ కొన్ని క్షణాలు చురచురా మండుతుంది. తర్వాత లాగడం, నొక్కడం తెలుస్తాయి, నొప్పి తెలియదు. అమ్మీ దరూద్ చదువుకుంటూ పడుకుంది. మధ్యలో సన్నగా పొగ, కాలిన వాసన. రక్తం ఆపడానికి కరెంటు సూదితో చిన్న దాగ్ పెట్టారు! జహ్రావీ ఇనుము ఇంకా ఉద్యోగంలోనే ఉంది. ఇరవై నిమిషాల్లో కుట్లు పడ్డాయి, ముక్క ఫార్మలిన్ సీసాలోకి వెళ్లింది. సీసా మీద పేరు సరిగ్గా రాశారో లేదో నేను చూశాను. మీరూ చూడండి.

ఆ సాయంత్రం కొంచెం దర్ద్, పారాసిటమాల్ సరిపోయింది. ఒకటి రెండు రోజులు తడవకూడదు. తర్వాత సబ్బునీళ్లతో మెల్లగా కడిగి వాజ్‌లీన్ రాయాలి. పసుపు, కాఫీపొడి, బూడిద దగ్గరికి రానీయొద్దు. ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే వెళ్లాలి. ముఖం మీది కుట్లు వారంలోపు తీస్తారు. వీపు, కాళ్ల మీదివి రెండు వారాల దాకా ఉంచుతారు. ఛాతీ మీద, భుజాల మీద మన రంగు చర్మానికి గీత ఉబ్బే అవకాశం ఎక్కువ, ముందే మాట్లాడుకోండి.

అమ్మీ మొదటి సవాల్ వుజూ గురించి. మెడ కడగడం వుజూలో ఫర్జ్ కాదు కాబట్టి ఫికర్ లేదు. గుస్ల్‌కి పట్టీ మీద తడిచేత్తో మసహ్ చేసే సహూలత్ ఫిఖ్‌లో ఉంది. ఎలా చేయాలో మా మౌలానాని అడిగి తెలుసుకున్నాం.

ఇంట్లో అందరూ ఒకసారి ఒళ్లు చూసుకోండి. రెండు సగాలు పొంతన లేకపోవడం, అంచు వంకర, రెండు మూడు రంగులు, పెరిగిన సైజు, మార్పు, వీటిని చూడమంటారు. మన చర్మానికి అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద మరీ ముఖ్యం. గాయకుడు బాబ్ మార్లే కాలిబొటనవేలి గోరు కింద నల్లమచ్చను మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే పోయాడు.

ఎనిమిదో రోజు రిపోర్ట్ వచ్చింది. కాన్సర్ కాదు, అంచులు సాఫ్. అల్హమ్దులిల్లాహ్. అమ్మీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "నా తిల్ ఏదీ మరి?" అంది. ల్యాబ్‌లో మైనం ముద్దలో పెట్టి దాచారమ్మీ, కొన్నేళ్లు ఉంచుతారు అన్నాను.

"నా పెళ్లి నగలు కూడా ఇంత జాగ్రత్తగా దాచలేదు మీ అబ్బా," అంది.