అడవి యూపిరికి ఆకాశపు లెక్క



పూర్వము మన గ్రామములలో కరణము పొలముగట్టున నిలిచి, పైరును కంటితో చూచి, అడంగలులో లెక్క వ్రాసెడివాడు. ఒక గ్రామమునకు అది చాలియుండెను. కాని భూగోళమందలి అడవులును, పైరులును, పచ్చికబయళ్లును ఏటేట ఎంత బొగ్గుపులుసు వాయువును పీల్చుచున్నవో లెక్కింపవలె నన్నచో ఏ గట్టున నిలువవలెను? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సమాధానము వెదకిన చరిత్రయే నేటి ప్రసంగము.

1958వ సంవత్సరమున చార్లెస్ డేవిడ్ కీలింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు హవాయి దీవులందలి మౌనా లోవా పర్వతముపై గాలిని పరీక్షింప నారంభించెను. అప్పుడు పదిలక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 315 పాళ్లుండెను. 2024 నాటికి 420 దాటినది. అది ఏటేట పెరుగుచుండుటయే గాక, ఏటిలోపల ఊపిరివలె హెచ్చుచు తగ్గుచు నుండెను. ఉత్తరార్ధగోళమున చెట్లు చిగిర్చి పెరుగు నెలలలో తగ్గును. ఆకు రాలి కుళ్లు నెలలలో హెచ్చును. భూమి యూపిరి వినబడినది గాని, అది ఏ యడవిదో, ఏ పొలముదో తెలియలేదు.

1972 జూలైలో అమెరికావారు ల్యాండ్‌శాట్ పరంపరలోని మొదటి ఉపగ్రహమును ప్రయోగించిరి. పచ్చని యాకు ఎఱ్ఱని వెలుగును మ్రింగి, కంటికి కానరాని పరారుణ కాంతిని వెనుకకు త్రిప్పివేయును. ఈ రెంటి భేదమును బట్టి ఆకుల దట్టమును పైనుండియే గ్రహింపవచ్చును. 1986లో టక్కర్, ఫంగ్, కీలింగ్ మున్నగువారు ఉపగ్రహము చూపిన పచ్చదనమునకును, గాలిలోని వాయువు హెచ్చుతగ్గులకును గల సంబంధమును ప్రకటించిరి. 1993లో వెలువడిన కాసా యను గణిత నమూనా పచ్చదనము, ఎండ, వాన, వేడిమి, నేలగుణము కలిపి మొక్కలు గ్రహించు కర్బనమును నెలనెలకు లెక్కించెను.

అయినను పచ్చదనమంతయు నిలువ గాదు. 2000 మొదలు 2017 వరకు లోకమున పచ్చదనము పెరుగుటలో చైనాయు, భారతదేశమును ముందున్నవని 2019లో ఒక పరిశోధన తెలిపెను. మన దేశమున ఆ పెరుగుదలలో అధికభాగము పైరులదే. పైరు కోతకు వచ్చును; గింజ మనము తిందుము, గడ్డి పశువులు తినును; అది పీల్చిన కర్బనము చాలవఱకు త్వరలోనే మరల గాలిలో కలియును. మ్రానో, తరములపాటు దాచుకొనును. కావున 2018 డిసెంబరులో జెడై యను సాధనమును అంతరిక్ష కేంద్రమునకు పంపి, లేజరు కాంతితో చెట్ల యెత్తును కొలిచిరి. గాలిలోని వాయువునే కొలుచుటకై నిర్మించిన ఉపగ్రహ మొకటి 2009లో కక్ష్య చేరక సముద్రమున బడగా, నిరుత్సాహపడక మరియొకటి నిర్మించి 2014లో ప్రయోగించిరి.

మన దేశము 1988 మార్చిలో ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము షాద్‌నగరున ఉపగ్రహ సమాచారమును అందుకొనుచున్నది.

మానవులు విడుచు బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాల్గవ వంతును నేలపైనున్న మొక్కలును, మట్టియు పీల్చుకొనుచున్నవి. ఆ సాయము కలకాలము నిలుచునా యను విషయమున నమూనాలు ఏకీభవించుట లేదు. గాదెలోని గింజల లెక్క తప్పిన యింట పంటకు ముందే పస్తు తప్పదు. ఉపగ్రహము చెట్టును తూచలేదు. అడవిలో నిలిచి మ్రాను చుట్టుకొలత తీయువాని లెక్కతో సరిచూచిననే దాని మాటకు విలువ. ఆకాశమున కన్ను తెరచినను, గట్టున నిలుచు మనిషి యక్కర తీరలేదు.