ఐరన్ బ్యాంకు (బ్రావోస్)

ఐరన్ బ్యాంకు అమెరికన్ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ నవలామాలికలోని కల్పిత సంస్థ. వర్తకుల సొమ్ము భద్రపరచడం, వ్యాపారులకూ ప్రభువులకూ రాజులకూ అప్పులివ్వడం దీని పని. ఎస్సోస్ ఖండపు వాయవ్య మూలనున్న బ్రావోస్ రేవు నగరం దీని కేంద్రం. మొదటి నవల ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ (1996)లో అప్పులవాళ్ల జాబితాలో ఒక పేరుగా మాత్రమే వినిపించిన ఈ బ్యాంకు, నాలుగో నవల ‘ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్’ (2005), ఐదోదైన ‘ఎ డాన్స్ విత్ డ్రాగన్స్’ (2011) వచ్చేసరికి రాజుల తలరాతలు మార్చే స్థాయికి ఎదిగింది. దీని పూర్వచరిత్ర ‘ది వరల్డ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ (2014), ‘ఫైర్ అండ్ బ్లడ్’ (2018) గ్రంథాల్లో ఉంది.

పుట్టుక

బ్రావోస్‌ను కట్టింది పారిపోయిన బానిసలు. వలీరియా సామ్రాజ్య ప్రభువులు ఓడల్లో తరలిస్తున్న బానిసలు దారిలో తిరగబడి, ఆ ఓడలనే చేజిక్కించుకుని, పొగమంచు కమ్మిన ఒక ఉప్పుకయ్యలోని దీవుల మీద తలదాచుకున్నారు. వందేళ్లకు పైగా ఆ ఊరు ఉన్నట్టు బయటి లోకానికి తెలియనివ్వలేదు. బానిసత్వం ఏ రూపంలోనూ ఉండరాదన్నది నగరపు మొదటి చట్టం.

బ్యాంకు పుట్టుక కూడా ఈ దాపరికంలోంచే. పదహారు మంది పురుషులు, ఏడుగురు స్త్రీలు, మొత్తం 23 మంది, తమ విలువైన వస్తువులను ఒక దీవిలో పాడుబడ్డ ఇనుపగనిలో దాచుకున్నారు. ఐరన్ బ్యాంకు పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. ఒక్కొక్కరి దగ్గర ఒక తాళంచెవి. వారి వారసుల సంఖ్య కథాకాలానికి వెయ్యి దాటింది. వారిని ఇప్పటికీ తాళంచెవిదారులనే పిలుస్తారు, అయితే వేడుకల్లో ప్రదర్శించే ఆ తాళంచెవులు ఏ తలుపునూ తెరవవు. నగర పాలకుడైన సీలార్డ్‌ను ఎన్నుకునే వారిలో వీరూ ఉంటారు. అంటే ఇక్కడ వర్తకుల కూటమికీ, బ్యాంకుకూ, ప్రభుత్వానికీ మధ్య గీత గీయడం కష్టం.

బ్యాంకు స్వభావం తెలియాలంటే ఒక్క ఉదంతం చాలు. ఊథెరో జాలిన్ సీలార్డ్‌గా ఉన్న కాలంలో నగరం తన ఉనికిని లోకానికి వెల్లడించింది. అప్పుడు పాత యజమానుల సంగతి తేల్చవలసి వచ్చింది. నాడు బానిసలు పట్టుకుపోయిన ఓడలకు, ఆ ఓడల యజమానుల మనవలకు ఐరన్ బ్యాంకు పెద్ద మొత్తాలు చెల్లించింది. ఆ ఓడల్లో ఉన్న బానిసల ఖరీదు మాత్రం ఇవ్వనంది. ఓడ ఆస్తి, దాని బాకీ మూడు తరాలైనా బాకీయే; మనిషి ఆస్తి కాడు, కాబట్టి వాడి పేరిట బాకీ లేదు. ఈ సంస్థ గురించి మార్టిన్ రాసినవాటిలో ఇంతకు మించిన ఘట్టం మరొకటి లేదు. అప్పు మనిషితో పాటు చావదన్న నియమాన్ని బ్యాంకు ఇతరుల మీద రుద్దకముందే తన మీద అమలు చేసుకుంది.

వ్యవహార పద్ధతి

ఎస్సోస్‌లోని తొమ్మిది స్వేచ్ఛానగరాల్లో ప్రతిదానికీ బ్యాంకు ఉంది, కొన్నింటికి ఒకటి కంటే ఎక్కువే. వాటన్నిటినీ కలిపి తూచినా ఐరన్ బ్యాంకు వైపే తక్కెడ మొగ్గుతుందని నవలల్లో చెప్పుకుంటారు. రాజు అప్పు ఎగ్గొడితే చిన్న బ్యాంకుల వాళ్లు దివాలా తీసి ఆలుబిడ్డలను అమ్ముకోవలసిన గతి పడుతుంది. ఐరన్ బ్యాంకుకు ఎగ్గొడితే పోయేది ఆ రాజు సింహాసనమే. బ్యాంకు సైన్యాన్ని పంపదు. సింహాసనం కోసం కాచుకుని కూర్చున్న మరో హక్కుదారుణ్ణి వెతికి, వాడికి డబ్బిస్తుంది. గెలిచినవాడు తన అప్పుతో పాటు పాత రాజు అప్పునూ నెత్తినెత్తుకోవాలి. కొత్త బాకీతో పాత బాకీ రాబట్టడమన్నమాట. మన ఊళ్ల వడ్డీ వ్యాపారులకు తెలియని విద్యేమీ కాదిది. వాళ్ల చేతిలో రాజ్యాలు లేవు, అంతే.

సొమ్ము దాచుకోవడానికీ రాజులు ఈ బ్యాంకునే నమ్మారు. ‘ఫైర్ అండ్ బ్లడ్’లో, ఏడు రాజ్యాలను ఏలిన టార్గేరియన్ రాజవంశపు అంతర్యుద్ధ కాలంలో రెండో ఏగాన్ కోశాధికారి టైలాండ్ లానిస్టర్ రాజ్య ఖజానాను నాలుగు భాగాలు చేసి, ఒక భాగాన్ని బ్రావోస్‌కు పంపేశాడు. ప్రత్యర్థి రాణి రెనీరా రాజధానిని గెలిచి ఖజానా తెరిస్తే అది బోసిగా ఉంది. గత్యంతరం లేక ఆమె కోశాధికారి వేసిన పన్నులు జనాన్ని ఆమె మీదికే ఉసిగొల్పాయి. యుద్ధాన్ని తిప్పిన డ్రాగన్ల గురించి పాఠకులు మాట్లాడుకుంటారు గానీ ఈ ఖాళీ ఖజానా పని తక్కువేమీ కాదు.

అదే గ్రంథంలో లైస్ నగరపు రోగరే కుటుంబ బ్యాంకు పతనమూ ఉంది. ఖాతాదారుల సొమ్మును వారసుడు అధికారం కొనుక్కోవడానికి వాడుకుని, బ్యాంకును ముంచాడు.

ఏడు రాజ్యాల బాకీ

ఏడు రాజ్యాల రాజు రాబర్ట్ బరాథియన్ ఏలుబడిలో రాజ్యం అప్పు చేసి పప్పుకూడు తిన్నది. పోటీలు, విందులు, బహుమతులు. కొత్త మంత్రిగా నెడ్ స్టార్క్ వచ్చేనాటికి బాకీ 60 లక్షల బంగారు డ్రాగన్లకు చేరింది (డ్రాగన్ ఇక్కడ నాణెం పేరు). అందులో సుమారు సగం రాణి పుట్టింటివారైన లానిస్టర్లది. మిగతాది టైరెల్ ప్రభువుకు, ఐరన్ బ్యాంకుకు, టైరోష్ నగర వర్తక కూటములకు, మత పీఠానికి.

రాబర్ట్ పోయాక పెత్తనం చేపట్టిన రాణి సెర్సీ కొత్త యుద్ధనౌకల కోసం బ్యాంకు వాయిదాలను ఆపేసింది. రాయబారిగా వచ్చిన నోహో డిమిటిస్‌ను కలవకుండా, ఎడతెగని దగ్గుతో బాధపడే కోశాధికారి గైల్స్ రోజ్‌బీ మీదికి తోసేసింది. మత పీఠం బాకీ తొమ్మిది లక్షలకు పైగా ఉంటే, దాన్ని మాఫీ చేయించుకోవడానికి మత సైన్యాన్ని మళ్లీ ఆయుధాలు పట్టనిచ్చింది. రెండు నిర్ణయాలూ ఖజానాకు ఆదా అనుకుని తీసుకున్నవే. ఆ మత సైన్యమే ఆమెను చెరలో వేసింది. బ్యాంకేమో కొత్త అప్పులు బందు చేసి, పాతవన్నీ ఒక్కసారిగా తీర్చమని కూర్చుంది. ఐదో నవల చివరికి హారిస్ స్విఫ్ట్‌ను బ్రావోస్‌కు రాయబారానికి పంపాల్సిన గతి పట్టింది.

మరోవైపు బ్యాంకు ప్రతినిధి టైకో నెస్టోరిస్ ఉత్తరాన మంచుగోడకు వెళ్తాడు. సింహాసనం తనదంటున్న రాబర్ట్ తమ్ముడు స్టానిస్ బరాథియన్‌ను వెతుక్కుంటూ వెళ్తున్న అతనితో దారిలో, ఆ గోడను కాపాడే నైట్స్ వాచ్ దళపతి జాన్ స్నో బేరమాడి, చలికాలం తిండిగింజల కోసం అప్పు తీసుకుంటాడు. రాబోయేది ఎన్నేళ్లు సాగుతుందో తెలియని శీతకాలం, తీర్చే దారీ కనిపించడం లేదు. అయినా సంతకం పెట్టాడు. కత్తియుద్ధాలు లేని ఈ అధ్యాయం మొత్తం నవలలో మంచి అధ్యాయాల్లో ఒకటి.

టీవీ రూపం

హెచ్‌బీఓ ధారావాహిక ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ (2011–2019)లో టైకో పాత్రను మార్క్ గాటిస్ పోషించారు. నాలుగో సీజన్ (2014)లో స్టానిస్, అతని అనుచరుడు దావోస్ స్వయంగా బ్రావోస్ వెళ్లి అప్పు అడుగుతారు. నవలలో బ్యాంకే రుణగ్రహీతను వెతుక్కుంటూ మంచులో నడిచి వెళ్తుంది. చిన్న మార్పులా కనిపించినా బ్యాంకును భయంకరం చేసిన గుణమే దీనితో పోయింది. ఏడో సీజన్ (2017)లో సెర్సీ టైరెల్ల కోట హైగార్డెన్‌ను కొల్లగొట్టి బాకీ మొత్తం ఒకేసారి తీర్చేస్తుంది.

చరిత్రతో పోలిక

బ్రావోస్‌కు వెనిస్ పోలికలు స్పష్టం: కాలువలు, దీవులు, రోజుకో యుద్ధనౌక కట్టగల నౌకాశాల. బ్యాంకు నిర్మాణం మాత్రం జెనోవాలో 1407లో ఏర్పడిన సాన్ జార్జో సంస్థకు దగ్గర. అక్కడ అప్పిచ్చిన వర్తకులే వాటాదారులై నగరపు పన్నులను, కొన్ని వలస ప్రాంతాలను సైతం చేతుల్లోకి తీసుకున్నారు.

అప్పు వసూలు విషయంలో మార్టిన్ చరిత్రను తలకిందులు చేశాడు. ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ ఫ్రాన్స్‌తో యుద్ధానికి ఫ్లోరెన్స్‌లోని బార్డీ, పెరూజీ కుటుంబాల దగ్గర అప్పులు చేసి తీర్చలేదు. 1340ల దశకంలో ఆ రెండు బ్యాంకులూ కూలిపోయాయి, రాజు సింహాసనం చెక్కుచెదరలేదు. ఆ కాలపు అసలు బ్యాంకర్లు మార్టిన్ చెప్పిన చిన్న బ్యాంకుల లాంటివాళ్లే.

ఆరో నవల ‘ది విండ్స్ ఆఫ్ వింటర్’ ఇంకా వెలువడలేదు. నవలల్లో సింహాసనం బాకీ ఇప్పటికీ తీరలేదు.