ఆ గదిలో తీసిన సినిమాలు ఎవరివి?

మా వారసత్వం ఏమిటంటే జవాబు ముందే తయారుగా ఉంటుంది. ఖవ్వాలీ, ముషాయిరా, బిర్యానీ, చార్మినార్. బయటివాళ్లనడమే కాదు, మేమూ అదే అప్పజెబుతాం. 1969లో బొంబాయి నేపియన్ సీ రోడ్డులో అక్బర్ పదమ్‌సీ పెట్టిన వర్క్‌షాప్‌కు అందులో చోటు లేదు.

పదమ్‌సీ ఖోజా కుటుంబంలో పుట్టిన చిత్రకారుడు. 1954లో బొమ్మ అశ్లీలమని పోలీసులు అరెస్టు చేస్తే కోర్టులో కొట్లాడి గెలిచినవాడు. నెహ్రూ ఫెలోషిప్ డబ్బు చేతికొస్తే మరొకరు ఇంకో నాలుగు కాన్వాసులు వేసుకునేవారు. ఆయన 16 ఎం.ఎం. కెమెరా పెట్టి, తోటి కళాకారులకు తలుపులు తెరిచాడు. కుమార్ షహానీ, మణి కౌల్ లాంటి సినిమా వాళ్లు వచ్చారు. కరాచీలో పుట్టి, విభజనతో ఇటు వచ్చిన కుటుంబపు అమ్మాయి నళినీ మలానీ ‘డ్రీమ్ హౌసెస్’ తీసింది అక్కడే. పదమ్‌సీ ‘సిజిజీ’ తీశాడు. అంకెల లెక్కతో గీసిన గీతలు, సుమారు 1000 బొమ్మలు, 11 నిమిషాలు. మాట లేదు, పాట లేదు. కథ అసలే లేదు. 1972కల్లా వర్క్‌షాప్ ముగిసింది.

టోపీ లేదు, గడ్డం లేదు, అజాన్ లేదు, ఇవి మన సినిమాలెట్లా అవుతాయి? ఈ ప్రశ్న మాలోనే ఉంది. అయితే పదమ్‌సీ తోటి చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ బొమ్మల మీద కేసులు పెట్టినప్పుడు, ఆయన ముస్లిమని దేశానికి ఎంత చప్పున గుర్తొచ్చింది! 2006లో దేశం విడిచిన ఆయన 2011లో లండన్‌లో పోయాడు. తిట్టడానికి పనికొచ్చిన పేరు, లెక్కలో రాసుకోవడానికి ఎందుకు పనికిరాదు? మేమూ తక్కువ తినలేదు. హైదరాబాదు రచయిత కథగా మొదలయ్యే ఆయన ‘మీనాక్షి’లో ఓ పాట మాటలకు 2004లో అభ్యంతరం చెప్పి, థియేటర్ల నుంచి వెనక్కి తీయించింది మనవాళ్లే.

పదమ్‌సీ రెండో సినిమా ‘ఈవెంట్స్ ఇన్ ఎ క్లౌడ్ ఛాంబర్’. తన ప్రకృతి చిత్రాన్నే రంగు వెలుగులతో తెరమీద మళ్లీ కట్టాడు. ఉన్నది ఒక్కటే ప్రింటు. ఢిల్లీ ప్రదర్శనకు పంపితే అక్కడే పోయింది. ఎవరూ వెతకలేదు, మేమూ అడగలేదు. అది పోయిందని తెలిస్తే కదా అడగడానికి! నలభై ఏళ్లు దాటాక దర్శకుడు ఆశిమ్ అహ్లువాలియా ఆయన్ను కూర్చోబెట్టి, జ్ఞాపకంలోంచి దాన్ని మళ్లీ తీయించాడు. ఆ డాక్యుమెంటరీ 2016లో వచ్చేనాటికి ఆయనకు 88 ఏళ్లు. అసలు ప్రింటు దొరకకుండానే 2020 జనవరిలో పదమ్‌సీ వెళ్లిపోయాడు.