తూర్పు దారిలో మరుగుపడిన కట్టడాలు

హైదరాబాదు పాత కట్టడాలు అనగానే శ్రోతల మనస్సు చార్మినారు వైపు, గోలకొండ వైపు పోవడం సహజం. ఉప్పల్, నాచారం పేర్లు ఆ సందర్భంలో ఎవరికీ స్ఫురించవు. ఆ దారిన పోయేవారికి కనిపించేవన్నీ ఇటీవలి నిర్మాణాలే: 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, నాచారం కర్మాగారాలు, 2017లో వచ్చిన మెట్రో రైలు వంతెన. మరి నగరపు తూర్పు దిక్కునకు గతమే లేదా? ఈ ప్రశ్నతో మేము ఒకనాడు ఆ వైపు బయలుదేరినాము.

నాచారానికి ఉత్తరాన మౌలాలి గుట్ట ఉన్నది. ఆ పరిసరాలలో ఇనుపయుగపు సమాధులు బయటపడినవి. ఇటువంటి వాటిని మన పల్లెలలో రాక్షసగుళ్ళు అంటారు. నిజాం కాలపు పురావస్తు శాఖవారు వాటిని త్రవ్వించినారు. 1591లో హైదరాబాదు వెలయడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఇక్కడి జనం చనిపోయినవారి కొరకు బండరాళ్ళతో గూళ్ళు కట్టినారన్నమాట. వారు కాపురమున్న ఇండ్లు మాత్రం మనకు కానరావు.

గుట్టమీద కుతుబ్ షాహీల నాటి దర్గా ఉన్నది. గుట్ట పాదాన, ప్రహరీ లోపలి తోటలో, మహ్ లఖా బాయి చందా సమాధి ఉన్నది. 1768లో పుట్టి 1824లో గతించిన ఈమె ఉర్దూలో గజళ్ళు వ్రాసిన కవయిత్రి, నర్తకి. రెండవ నిజాం ఆస్థానంలో పేరు పొందిన విదుషి. తల్లి మరణించగా 1792లో ఆ తోటలో సమాధి కట్టించి, తుదకు తాను కూడా అక్కడనే విశ్రమించినది. అడిక్‌మెట్ ఆమె జాగీరులలో ఒకటి. ఆ నేలపైననే తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినది. 1939లో ఆర్ట్స్ కళాశాల భవనానికి ప్రారంభోత్సవం జరిగినది. ఆ భవనాన్ని ఎరుగనివారు లేరు. ఆ నేల ఒక కవయిత్రిదని ఎరిగినవారు అరుదు. చాలాకాలం పాడుబడి ఉండిన ఆమె సమాధిని 2010 తరువాత గాని బాగుచేయలేదు.

ఉప్పల్‌లో బస్సెక్కి కోఠీలో దిగినచో ఇటువంటిదే మరొక కథ. అక్కడి రెసిడెన్సీ భవనాన్ని పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో కర్క్‌పాట్రిక్ కట్టించినాడు. అదే ఆవరణలో తన భార్య ఖైరున్నీసా కొరకు రంగ్ మహల్ కట్టించినాడు. రంగ్ మహల్‌ను 1860లో పడగొట్టినారు. 1949లో మహిళా కళాశాల చేరిన రెసిడెన్సీ మాత్రం నిలిచినది. రెండింటినీ కట్టించిన చేయి ఒక్కటే. కట్టడం నిలవడానికి రాయి, సున్నం చాలవు. దానితో పని గల మనుష్యులు కూడా ఉండవలెను.

నాచారానికి తిరిగి వద్దాము. 1976లో నందమూరి తారక రామారావుగారు ఇక్కడ రామకృష్ణా స్టూడియో నెలకొల్పినారు. 1977లో విడుదలైన 'దానవీరశూర కర్ణ' కొరకు హస్తినాపుర సభాభవనాలు ఇక్కడ లేచినవి. చిత్రీకరణ కాగానే విప్పివేయడానికి కట్టిన సభలవి. అయినను తెరమీద అవి నేటికీ చెక్కుచెదరలేదు. తరతరాలుగా మనుష్యులు కాపురమున్న ఊరి ఇండ్లలో ఎన్నింటికి ఒక ఛాయాచిత్రమైనా మిగిలినది?

ఆనాడు ఉప్పల్‌లో ఒక వృద్ధుని, "తాతా, పాత ఊరు ఎక్కడ?" అని అడిగినాము. ఆయన చేతికర్రతో ఒక దుకాణం వైపు చూపి, "గా దుకాణమున్న కాడనే మా కచీరుండె, బిడ్డా. గీడ బాయి ఉండె. ఇప్పుడేమున్నది?" అన్నాడు. కచీరు అనగా ఊరి పంచాయితీ కూర్చునే చావడి. మేము చూచినాము, మాకు దుకాణమే కనిపించినది. ఆయనకు మాత్రం కచీరు కనిపిస్తూనే ఉన్నది.

రాజుల కట్టడాలకు చరిత్రకారులున్నారు. ఊరి కచీరుకు, దిగుడుబావికి, పెంకుటింటికి అటువంటి వృద్ధుల జ్ఞాపకమే చరిత్ర. ఆ జ్ఞాపకం ఉన్నవారు మన ఇండ్లలోనే ఉన్నారు. ఈ రాత్రి భోజనాలైన తరువాత వారి ప్రక్కన కూర్చుని, ఏ ఇల్లు ఎక్కడ ఉండెనో, బావి నీరు ఎట్లుండెనో అడిగి ఒక నోటుబుక్కులో వ్రాసి పెట్టుకోవలసినదిగా శ్రోతలను కోరుతున్నాము.