కీమో వల్లే వచ్చిందా? 12వ క్రోమోజోమ్ చెప్పిన సాక్ష్యం

మొన్న ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వస్తుంటే వెనక సీట్లో ఒక పెద్దాయన అంటున్నాడు, "రోగం కంటే ఆ మందులే మనిషిని తినేస్తాయప్పా" అని. ఒకప్పుడు అమెరికా డాక్టర్లకూ ఇదే అనుమానం వచ్చింది. ఇవాళ ఆ కథే.

మామూలుగా వృషణాల్లో వచ్చే జెర్మ్ సెల్ గడ్డ, అరుదుగా ఛాతీ మధ్యలో కూడా పుడుతుంది. ఎక్కువగా కుర్రాళ్లకే. 1970లలో ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌తో ఈ గడ్డల వైద్యాన్నే మార్చేశాడు. అయితే 1980లలో ఒకటి బయటపడింది: ఛాతీ గడ్డ ఉన్న కొందరికి లుకేమియా కూడా వస్తోంది. మందుల తప్పేనా?

లెక్క కుదర్లేదు. ఎటోపోసైడ్ మందు వల్ల వచ్చే లుకేమియాకి మామూలుగా రెండు మూడేళ్లు పడుతుంది. ఇక్కడ కొన్ని నెలలే. కొందరికైతే కీమో మొదలవ్వక ముందే! పైగా అవే మందులు వాడిన వృషణాల గడ్డ పేషెంట్లలో ఇలా కనబడలేదు.

1989లో న్యూయార్క్ స్లోన్ కెటరింగ్‌లో రాజు చాగంటి బృందం (ఇంటిపేరు వింటేనే తెలుస్తోంది కదా, మన తెలుగాయన) లుకేమియా కణాల్లోకి తొంగిచూసింది. 12వ క్రోమోజోమ్ పొట్టిచేతులు రెండు అతుక్కుని ఉన్నాయి. అది జెర్మ్ సెల్ గడ్డ ముద్ర! అంటే ఈ లుకేమియా ఆ గడ్డలోంచే పుట్టింది.

2000లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, నాన్‌సెమినోమా రకం ఛాతీ గడ్డ ఉన్న 287 మందిలో 17 మందికి ఇలాంటి రక్తజబ్బులు వచ్చాయి. వాళ్లలో ఎక్కువమంది నెలల్లోనే పోయారు. కానీ అదే రకం గడ్డకి కీమో తీసుకున్నవాళ్లలో నూటికి దాదాపు 45 మంది ఐదేళ్లు దాటారు. పెద్దాయనకి ఈ మాట చెప్దామనుకునేలోపు నంద్యాల వచ్చేసింది.