దేహమునకును వీలునామా

శృంగవరపుకోట ప్రాంతమున నాలుగెకరముల మామిడితోట గల గృహస్థు సాధారణముగా దానికి వీలునామా వ్రాయును. ఏ గట్టు ఎవరిదో, ఏ చెట్టు ఎవరికో స్పష్టపరచును. కాని తాను తెలివి దప్పి విశాఖపట్టణపు ఆసుపత్రిలో పడియున్న దినమున శ్వాసయంత్రము నెంతవరకు నడపవలయునో ఒక్క ముక్కయు వ్రాయడు. వైద్యుడు ప్రశ్నించినప్పుడు పెద్దకుమారుడొకటి, అల్లుడొకటి, దూరదేశమందలి కుమార్తె యొకటి చెప్పుదురు. రోగి యభిప్రాయ మొక్కటియే వినబడదు.

ఈ లోపమును తీర్చు యత్నము క్రొత్తది కాదు. అమెరికాయందు లూయిస్ కట్నర్ అను న్యాయవాది 1969లో, మనుజుడు స్వస్థుడై యున్నప్పుడే తన తుది చికిత్సను గూర్చి పత్రము వ్రాసి యుంచవచ్చునని ప్రతిపాదించెను. 1976లో కాలిఫోర్నియా రాష్ట్రము అట్టి పత్రమునకు చట్టబలము నొసగెను.

మన తెలుగునాట ఈ ప్రశ్న 2004లో హృదయవిదారకముగా తలయెత్తెను. కండరముల క్షీణవ్యాధిచే హైదరాబాదు ఆసుపత్రిలో శ్వాసయంత్రముపై నున్న పాతికేండ్ల చదరంగ క్రీడాకారుడు కె. వెంకటేశ్, తన అవయవములు చెడకమునుపే వానిని దానము చేయగోరెను. తల్లి సుజాత కుమారుని పక్షమున అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నాశ్రయించెను. 1994 నాటి అవయవమార్పిడి చట్టము అందుకు తావీయనందున న్యాయస్థానము అనుమతింపలేదు. ఆ డిసెంబరుననే ఆతడు గతించెను. అట్టి దానము నేటికిని చట్టసమ్మతము కాదు. అయినను ఆ వ్యాజ్యము మనకొక సత్యమును చూపెను. రోగి మాట సుస్పష్టముగా నుండెను. దానిని వినుటకు మార్గము లేకుండెను.

ఆ మార్గము పిదప మెల్లగా నేర్పడెను. 2011లో అరుణా శాన్‌బాగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, హైకోర్టు అనుమతితో జీవాధార చికిత్స నుపసంహరింపవచ్చుననెను. 2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ముందస్తు వైద్య నిర్దేశపత్రము నంగీకరించెను. అయితే దానిపై మేజిస్ట్రేటు సంతకము కావలయుననుటచే ఆచరణము దుర్ఘటమాయెను. 2023 జనవరి 24న ఆ చిక్కు విడెను. ఇప్పుడు ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచే గాని గెజిటెడ్ అధికారిచే గాని ధ్రువీకరింపజేసిన చాలును. తన పక్షమున మాటాడదగిన ఆప్తులను, ఒకరిని గాని అంతకంటె నెక్కువమందిని గాని, అందు పేర్కొనవలయును. ప్రతి నొకదానిని పంచాయతీ లేక పురపాలకసంఘపు అధికారి కీయవలయును. మనసు మారినచో ఎప్పుడైనను వ్రాతపూర్వకముగా రద్దుచేసికొనవచ్చును.

ఆస్తికాశపడు బంధువులు దీనిని దుర్వినియోగింతురేమో యను శంక న్యాయమైనదే. అందువలననే రెండు వైద్యమండలులు ఒకదాని తరువాత నొకటి సమ్మతించిన గాని చికిత్స నిలుపరాదని నియమించిరి. ఇది అమంగళమని మరికొంద రందురు. తోటకు వీలునామా వ్రాసినవారందరు మరునాడే మరణించిరా? ఇది ప్రాణము తీయుట కాదు. మందిచ్చి చంపుటకు న్యాయస్థాన మెన్నడును అనుమతి నీయలేదు.

2004లో మాట యుండెను, మార్గము లేదు. నేడు మార్గమున్నది, మాట లేదు. తోటను శ్రద్ధగా పంచియిచ్చు తండ్రి ఈ నిర్ణయభారమును మాత్రము బిడ్డల నెత్తిన వదలిపోవుట ధర్మమా? ఆస్తి విషయమున సైతము అభిప్రాయ మడుగబడని ఇల్లాలిని, ఆమె దేహమును గూర్చియైన ముందుగా నడిగి వ్రాయించుట ప్రతి గృహమునకును విధి యని మా విన్నపము.