సీసాలో ఏముంది? విష సమాచార కేంద్రాల చరిత్ర

ప్రజారోగ్య చరిత్ర అనగానే మీకు మశూచి, కలరా, ప్లేగు గుర్తుకు వస్తాయి. ఒక టెలిఫోను, కొన్ని వేల కార్డులు కలిసి ప్రజారోగ్య సంస్థగా మారిన కథ మాత్రం మన పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. అది అమెరికాలోని చికాగోలో మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా ఇళ్లలోకి కొత్త మందులు, శుభ్రపరిచే ద్రావణాలు, పురుగుమందులు విరివిగా వచ్చాయి. 1950ల తొలినాళ్లలో అక్కడి శిశువైద్యుల సంఘం పరిశీలించగా, పిల్లల ప్రమాదాలలో దాదాపు సగం ఇటువంటివి మింగడం వల్లనే జరుగుతున్నాయని తేలింది. బిడ్డను తెచ్చిన తల్లి సీసా చూపించగలిగేది. కానీ అందులో ఏముందో సీసా చెప్పేది కాదు, డాక్టరుకూ తెలిసేది కాదు. చికాగోలో లూయీ గ్డాల్మన్ అనే ఆసుపత్రి ఫార్మసిస్టు అప్పటికే ఏ సరుకులో ఏ రసాయనం ఉందో, విరుగుడు ఏమిటో చిన్న కార్డుల మీద రాసి ఉంచుకుంటూ, ఫోను చేసిన డాక్టర్లకు చెబుతుండేవాడు. 1953లో డాక్టర్ ఎడ్వర్డ్ ప్రెస్ చొరవతో అక్కడే తొలి విష నియంత్రణ కేంద్రం ఏర్పడింది. నా దృష్టిలో ఆ కేంద్రానికి అసలు పునాది ఆ కార్డులే.

తరువాత ఊరూరా కేంద్రాలు పెట్టారు. 1970ల నాటికి వాటి సంఖ్య 600 దాటింది. ఎక్కువ ఉంటే మంచిదే కదా అని మీరనుకోవచ్చు. చాలాచోట్ల కేంద్రమంటే అత్యవసర విభాగంలో ఒక ఫోను, ఒక పుస్తకం, తీరిక దొరికినప్పుడు ఫోను ఎత్తే నర్సు. కాల్స్ తక్కువ కావడం వల్ల అనుభవం పెరగలేదు. అందుకే వాటిని కలిపి, పెద్ద ప్రాంతానికి ఒకటి చొప్పున, శిక్షణ పొందిన సిబ్బందితో 24 గంటలూ పనిచేసే ప్రాంతీయ కేంద్రాలుగా మార్చారు. నేడు అవి 50 పైచిలుకు మాత్రమే. 2002 నుంచి దేశమంతటికీ ఒకే ఫోను నంబరు ఉంది.

ఫోను ఎత్తినవారు ముందుగా అడిగేవి ఇవే: ఏం మింగారు, ఎంత, ఎప్పుడు, వయసెంత, బరువెంత, ఇప్పుడెలా ఉన్నారు? దాదాపు మూడింట రెండు వంతుల కేసులలో ఇంట్లోనే ఉంచి కనిపెట్టుకుంటే సరిపోతుంది. కొన్ని గంటల తరువాత కేంద్రమే తిరిగి ఫోను చేసి విచారిస్తుంది. పైగా ప్రతి కాల్ నమోదవుతుంది. పిల్లలు ఏ మందులు మింగుతున్నారో ఇటువంటి నమోదుల వల్లనే స్పష్టమైంది. 1970 నాటి చట్టంతో, పసివాళ్లు సులువుగా తెరవలేని మూతలు వచ్చాయి. 1972లో ఆస్పిరిన్‌కు అవి తప్పనిసరి అయ్యాయి. పసిపిల్లల మరణాలు బాగా తగ్గాయి.

సలహా కూడా కాలంతో మారింది. వాంతి చేయించే ఇపికాక్ సిరప్‌ను ఇంట్లో ఉంచుకోమని దశాబ్దాలపాటు చెప్పిన శిశువైద్యులే 2003లో వద్దన్నారు. మన ఊళ్లలో ఉప్పునీళ్లు తాగించి కక్కించే అలవాటు మీరు చూసే ఉంటారు. అది ప్రమాదకరం. ముఖ్యంగా కిరోసిన్ తాగిన బిడ్డకు వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మన దేశంలో దారి వేరుగా సాగింది. 1958లో, రవాణాలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని కేరళలో 100 మందికి పైగా చనిపోయారు. దాని ఫలితంగా 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల గుర్తులు, విరుగుడు వివరాలు దాని కింద ఏర్పడిన నియమాలే. ఫోనులో సలహా ఇచ్చే జాతీయ విష సమాచార కేంద్రం మాత్రం 1990లలో గానీ ఢిల్లీ ఎయిమ్స్‌లో ప్రారంభం కాలేదు. అది 24 గంటలూ పనిచేస్తుంది. అయితే పత్తి చేలలో వాడే మందు పెద్ద డబ్బాలోంచి నీళ్ల సీసాలోకి వంపితే ఆ రంగు గుర్తు డబ్బాతోనే ఉండిపోతుంది. అప్పుడు డాక్టరుకు మిగిలే ఆధారం రోగి శరీరమే: సూదిమొనలా కుదించుకుపోయిన కంటిపాపలు, నోట చొంగ, ఒళ్లంతా చెమట. వీటిని బట్టి ఆర్గానోఫాస్ఫేట్ అని గుర్తించి అట్రోపిన్ మొదలుపెడతారు.